అరవై దాటితే వణుకు

షాఫ్టులు బాగుచేసే కొట్టు. మధ్యాహ్నం మూడు. బల్ల మీద ఒక పాత మోటారుసైకిలు షాఫ్టు, గొలుసుకి బదులు ఇంజను నుంచి వెనక చక్రాన్ని తిప్పే ఇనప కడ్డీ. బల్లకి ఇవతల లెక్కల మాస్టారు, అవతల మేస్త్రి.

"ఎవరు పాడు చేశారని కాదు మాస్టారూ, ఎలా పాడయిందని అడగండి. అది చెబుతాను."

"రెండూ ఒకటే కదా."

"ఒకటి కాదు. ఎలా పాడయిందో షాఫ్టు చెబుతుంది. ఎవరు పాడు చేశారో అది చెప్పదు."

"అయితే ఎలాగో మీరు చెప్పండి. ఎవరో నేను చెబుతాను."

"మీకు తెలిసినప్పుడు ఇంత దూరం మోసుకురావడం ఎందుకు?"

"నాకు కాగితం మీద కావాలి మేస్త్రీ. రెండు వాక్యాలు చాలు. 'ఈ షాఫ్టును పరీక్షించితిని. బండిని విచక్షణ లేకుండా నడుపుట వలన ఇది పాడైనది.' కింద మీ సంతకం, మీ కొట్టు ముద్ర."

"వాక్యాలు కూడా మీరే తెచ్చుకున్నారన్నమాట."

"తప్పులు రాకూడదని."

"నాకు ముద్ర లేదండీ. ఈ చేత్తో ఏ కాగితం పట్టుకున్నా అదే ముద్ర. చూశారుగా, మీ చొక్కాకి కూడా అప్పుడే వేశాను."

"పరవాలేదు. షాఫ్టులకి మిమ్మల్ని మించినవాడు లేడని అందరూ అంటారు. మీరు రాస్తే ఎవరూ కాదనరు."

"అందుకే రాయను. ముందు వస్తువు చూడనివ్వండి. ఈ చివర మీరు గట్టిగా పట్టుకోండి. వదలకండి. నేను అటు తిప్పుతా. తెలిసిందా?"

"టక్కుమంది."

"మళ్ళీ."

"మళ్ళీ టక్కుమంది."

"ఇందులో ప్లస్ గుర్తులా ఒక ముక్క ఉంటుంది. క్రాసు అంటాం. ఈ చివరొకటి, ఆ చివరొకటి. వంగుతూ తిరగడానికి. రెండూ పోయాయి. ఈ ఎర్ర పొడి చూడండి, లోపలున్న సూదులన్నీ అరిగి పిండయిపోయాయి. కంపెనీవాడు దీన్ని విప్పే వీలు లేకుండా బిగించేశాడు. పోతే మొత్తం పారేసి కొత్తది కొనుక్కోమంటాడు."

"మీరు మాత్రం బాగుచేస్తారు."

"కోసి పాతవి తీసేస్తా. లోపల గాడి చెక్కి, కొత్త క్రాసులు వేసి, క్లిప్పులు పెడతా. ఇంకోసారి పోతే ఎవరైనా మార్చుకోవచ్చు. తర్వాత తిప్పి చూసి, బరువు ఏ పక్కకి లాగుతోందో సరిచేస్తా. పది రోజులు. ఇక వెళ్ళిరండి."

"కాగితం?"

"మళ్ళీ కాగితమా! ఎవరికండీ ఇది?"

"మా తమ్ముడి కూతురికి. బండి నేను నడుపుతానంటోంది. పందొమ్మిదేళ్ళు. అచ్చం తండ్రే, ఆ నడకా, ఆ నవ్వూ. బండి చేతికిచ్చేముందు, వాళ్ళ నాన్న దీన్ని ఏం చేశాడో పిల్లకి తెలియాలి."

"ఆ మాట తండ్రి చెప్పుకోడా? ఆయన ఇంకా ఆ మొక్కల..."

"మొక్కలా?"

"ఆయన ఇంకా కులాసాగా ఉన్నాడా అంటున్నా."

"మా తమ్ముడు మీకు తెలుసా?"

"తమ్ముడన్నారు కదా. అడగడం మర్యాద."

"లేడు."

"ఊళ్ళో లేడా?"

"లేడు మేస్త్రీ. మూడు నెలల పదకొండు రోజులైంది. ఏమిటి, అలా నిలబడిపోయారు?"

"ఏం లేదు. ఆ స్టూలు కాస్త ఇటు జరపండి మాస్టారూ."

"నేను కూర్చోవడానికి రాలేదు."

"మీకు కాదు. నాకు."

"ఇదిగో."

"ఎలా జరిగింది?"

"గుండె. పొద్దున్నే పెరట్లో నీళ్ళు పెడుతున్నాడు. పడిపోయాడు. మా మరదలు చూసేసరికి గొట్టంలో నీళ్ళు అలా పారుతూనే ఉన్నాయట. నలభై ఆరేళ్ళు."

"నాకెవరూ చెప్పలేదు."

"మీకెందుకు చెబుతారు?"

"అవును. నాకెందుకు చెబుతారు. మాస్టారూ, ఒక్క మాట వినండి. పోయినవాళ్ళ మీద కాగితాలెందుకు? 'పాతబడింది' అని రాసిస్తా. కావాలంటే మీ భాషలోనే, 'పాతబడినది' అని. సంతకం కూడా పెడతా."

"పాతబడడం కారణం కాదు. అది తేదీ."

"అబ్బా!"

"కోప్పడకండి. నాకు కచ్చితంగా తెలియాలి. తొమ్మిదేళ్ళు వాణ్ణి తిట్టాను."

"బండి గురించా?"

"బండి గురించే. ఇంక దేని గురించీ వాణ్ణి ఒక్క మాట అన్నది లేదు. ఈ ఒక్క విషయంలోనే. భార్య ముందు, కూతురి ముందు, ఒకసారి మామగారి ముందు కూడా. కారణం ఉంది కాబట్టి తిట్టాను. అంచేత బాధ లేదు. ఆ కారణం ఒకసారి మీ నోట వింటే చాలు."

"బాధ లేనివాళ్ళు కాగితం అడగరండీ."

"ఏమన్నారు?"

"టీ తాగుతారా అన్నా."

"వద్దు. పుస్తకం తెచ్చాను, చూడండి."

"ఏం పుస్తకం?"

"బండి పుస్తకం. నాన్నగారు పోయాక బండి మా ఇద్దరిదీ అయింది. ఆ నాటి నుంచి రాస్తున్నాను. పెట్రోలు, గాలి, ఆయిలు, ఎవరు తీసుకెళ్ళారు, ఎప్పుడు తెచ్చారు."

"ఆసుపత్రిలో రోగికి కూడా ఇంత శుభ్రంగా రాయరు."

"ఇక్కడ వినండి. 'బుధవారం, సాయంత్రం అయిదు. తమ్మునికి బండి అప్పగింత. గాలి సరి. ఆయిలు సరి. శబ్దము లేదు.' తర్వాత: 'శుక్రవారం, ఉదయం తొమ్మిది. బండి తిరిగి అప్పగింత. అరవై దాటితే వణుకు. కారణమేమని ప్రశ్నించగా, నవ్వినాడు.'"

"నవ్వాడని కూడా రాశారా!"

"జరిగింది రాశాను."

"అరవై దాటితే వణుకుతోందని ఎవరు కనిపెట్టారు?"

"వాడే వచ్చి చెప్పాడు. 'అన్నయ్యా, అరవై దాటితే బండికి జ్వరం వచ్చినట్టుంది' అని. నేను ఎక్కి చూశాను. నిజమే. ఆ రోజే తాళం తీసేసుకున్నాను."

"తాళం మీ దగ్గర. మరి బండి?"

"ఆ నెలలోనే నేను ఇల్లు మారాను, అప్పటి నుంచి వాడింట్లోనే ఉండేది. నేనుండేది మూడో అంతస్తు. కింద సైకిలు పెట్టడానికి కూడా చోటివ్వడు ఇంటాయన. వాడికి ముందు రేకుల పంచ ఉంది."

"బండి ఆయన దగ్గర, తాళం మీ దగ్గర. బాగుంది. తొమ్మిదేళ్ళ కిందట వణుకు మొదలైతే ఇప్పుడా తేవడం?"

"పాడు చేసినవాడే బాగుచేయించాలి. అది పద్ధతి."

"ఆయన చేయించలేదు."

"చేయించలేదు. నెల నెలా మొదటి ఆదివారం వెళ్ళి అడిగేవాణ్ణి. 'ఎప్పుడు చేయిస్తావురా?' 'వచ్చే నెల అన్నయ్యా.' తర్వాతి నెల మళ్ళీ 'వచ్చే నెల.' కొన్నాళ్ళకి ఆ పిల్ల కూడా నేర్చుకుంది. నేను గేటు తియ్యగానే లోపలి నుంచి అరిచేది, 'వచ్చే నెల పెదనాన్నా!' అని."

"హహ్హ."

"నవ్వడానికేం లేదు. వణుకు అలాగే ఉందో, పెరిగిందో చూడాలి కదా. అందుకని వెళ్ళినప్పుడల్లా తీసి ఇరవై కిలోమీటర్లు నడిపేవాణ్ణి. అరవై దాటించి చూసి, రాసుకుని, బండి వాడి పంచలో పెట్టి, వాణ్ణి నాలుగు మాటలని వచ్చేవాణ్ణి. నూట ఆరు సార్లు."

"తొమ్మిదేళ్ళంటే నూట ఎనిమిది కదండీ?"

"రెండు నెలలు నాకు టైఫాయిడ్."

"ఈ మూడు నెలలు?"

"వెళ్ళలేదు. ఎవర్ని అడగాలి? నిన్న వెళ్ళాను. నేనే విప్పి తెచ్చాను. ఆధారం చెరిగిపోకూడదని గుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. బుధవారం బాగుంది. శుక్రవారం వణికింది. మధ్యలో వాడు నడిపాడు. ఇంతకంటే ఏం కావాలి?"

"బుధవారం బాగుందని ఎలా తెలుసు మాస్టారూ? నడిపారా?"

"స్టార్టు చేసి చూశాను."

"నిలబెట్టా?"

"నిలబెట్టే. ఆదివారమే శుభ్రంగా తుడిచిపెట్టాను. మళ్ళీ దుమ్ము పట్టించడం ఎందుకని."

"అయితే అరవై దాటింది... సరే లెండి. వదిలేయండి."

"ఏమిటి వదిలేసేది?"

"నేనేదో అనబోయా. మర్చిపోయా. వయసు."

"మేస్త్రీ, లెక్క మధ్యలో ఆపకూడదు. ఒక మెట్టు వదిలేస్తే జవాబు వచ్చినా నేను సగం మార్కులే వేస్తాను."

"నాకు సున్నా వేసుకోండి. నేను బడికే పోలేదు. నాకు వేరే పనుంది, ఈ పుస్తకం మూసెయ్యండి."

"మూయను. నేను దీన్ని ఎంత జాగ్రత్తగా చూసుకున్నానో మీరు వినాలి. వింటే మీకే అర్థమవుతుంది, తప్పు ఎటు నుంచి వచ్చిందో."

"నాకు వినబడదు. లేతు మిషను పక్కన నలభై ఏళ్ళు పనిచేశా, చెవులు పోయాయి."

"ఇంతసేపూ బాగానే వినబడింది కదా. ఇదిగో ఆ ముందు ఆదివారం. 'ఉదయం ఎనిమిది మొదలు మధ్యాహ్నం ఒంటిగంట వరకు బండి పూర్తి శుభ్రత. వెనుక చక్రము తీసితిని.'"

"మాస్టారూ, టీ చెబుతాను. ఈ పక్క కొట్టువాడు బాగా పెడతాడు."

"'షాఫ్టు వెలుపలికి తీసితిని.'"

"బిస్కెట్టు కూడా చెబుతా."

"'రెండు ముక్కలుగా విడదీసి, పాత గ్రీజు కిరోసినుతో కడిగి, ఎండబెట్టి, కొత్త గ్రీజు పట్టించి, యథాతథముగా అమర్చితిని. మొదటి ప్రయత్నములోనే కూర్చున్నది.' చూశారా? ఇంత చేసి అప్పగించాను బండిని. రెండు రోజుల్లో... మేస్త్రీ?"

"ఊఁ."

"మీరెందుకు షాఫ్టు వైపు చూస్తున్నారు?"

"నా కొట్టు, నా బల్ల, నా కళ్ళు."

"నేను 'విడదీసి' అనగానే చూశారు."

"చూడలేదు."

"చూశారు. ముప్ఫై ఏళ్ళుగా పిల్లల మొహాలు చూస్తున్నాను. జవాబు తెలిసి చెప్పనివాడి మొహం, తెలియక చెప్పనివాడి మొహం ఒకలా ఉండవు."

"ఏది వేసుకుంటారో వేసుకోండి. నేను చెప్పను. చెప్పకూడదు."

"చెప్పకూడదా? అంటే?"

"అంటే... పని మొదలెట్టకముందు చెప్పకూడదు. మా పద్ధతి."

"ఇది బల్ల మీద సరిగ్గా ఆనడం లేదు."

"ఆనుతుంది. ముట్టుకోకండి. చేతులు మురికవుతాయి."

"ఈ చివర రెండు చెవుల్లా ఉన్నాయి కదా, ఇవి పడుకుని ఉన్నాయి. ఆ చివరవి నిలబడి ఉన్నాయి. కంపెనీవాడు ఇలాగే చేస్తాడా?"

"రకరకాలుగా చేస్తుంటారు."

"మేస్త్రీ, నేను పెద్దవాణ్ణి. అడుగుతున్నాను."

"చెయ్యడు."

"మరి?"

"రెండూ ఒకే వరసలో ఉండాలి. రెండూ పడుకోవాలి, లేదా రెండూ నిలబడాలి."

"లేకపోతే?"

"ఒక మంచాన్ని ఇద్దరు మోస్తున్నారనుకోండి. ఇద్దరూ ఒకే అడుగు వేస్తే మంచం మీద గ్లాసు పెట్టినా ఒలకదు. ఒకడు కుడికాలు వేసినప్పుడు ఒకడు ఎడంకాలు వేస్తే?"

"ఊగుతుంది."

"మెల్లగా నడిస్తే పెద్దగా తెలీదు. పరుగెడితే తెలుస్తుంది."

"అరవై దాటితే."

"అరవై దాటితే."

"ఈ చెవులు వాటంతట అవి తిరిగిపోతాయా?"

"తిరగవు. ఈ ముక్క ఆ ముక్కలోకి దూరుతుంది. లోపల పళ్ళున్నాయి. పళ్ళు పట్టుకుంటే ఇక కదలదు."

"గుంతల్లో పడితే?"

"కదలదు."

"బాగా వేగంగా నడిపితే?"

"ఎంత వేగమైనా."

"ముగ్గుర్ని ఎక్కించుకుంటే?"

"మాస్టారూ, ఏనుగునెక్కించినా కదలదు. లాగి బయటికి తీసి, మళ్ళీ పెట్టేటప్పుడు వరస తప్పాలి. అదొక్కటే దారి. పళ్ళు ఎలా పెట్టినా దూరతాయి. తప్పుగా పెట్టినా మొదటిసారే కూర్చుంటుంది."

"మొదటి ప్రయత్నములోనే కూర్చున్నది."

"నేనేం అనలేదు. అది మీరు చదివింది."

"వాడు తీసి ఉండొచ్చు. ఆ రెండు రోజుల్లో."

"తీసి ఉండొచ్చు. అవును. ఎందుకు తియ్యకూడదు? కచ్చితంగా ఆయనే తీసుంటాడు. అలా రాసిమ్మంటారా? ఇవ్వండి కాగితం, ఇప్పుడు రాస్తా."

"వాడా! వాడికి పానా ఏ వైపు తిప్పితే బిగుస్తుందో తెలీదు. ఇంట్లో బల్బు కూడా మా మరదలే మార్చేది."

"నేర్చుకుని ఉండొచ్చు."

"రెండు రోజుల్లో నేర్చుకుని, రెండు రోజుల్లో మర్చిపోయాడా?"

"మీతో వాదించలేను. ఎటు పారిపొమ్మన్నా మీరే తలుపులు మూసేస్తున్నారు. ఇప్పుడైనా కూర్చోండి."

"మరి ఈ అరుగుదల? క్రాసులు పోవడం?"

"వరస తప్పి తిరిగితే ఎక్కువ దెబ్బ వాటికే. నిలబెట్టి ఉంచితే ఏమీ అయ్యేది కాదు."

"నెలకి ఇరవై. నూట ఆరు సార్లు. రెండు వేల నూట ఇరవై కిలోమీటర్లు."

"అన్నీ నడిపింది మీరేనా?"

"నేనే. వణుకు ఉందో లేదో చూడ్డానికి."

"ఉండేదా?"

"ఉండేది. ప్రతిసారీ రాశాను. ఒక్కసారి మాత్రం... మొదటి ఏడాదిలోనే ఒక నెల మీటరులో ఎనిమిది కిలోమీటర్లు తేడా వచ్చింది. దొంగతాళం చేయించావా అని అడిగాను. ప్రమాణం చెయ్యమన్నాను. మళ్ళీ నవ్వాడు. అది కూడా రాశాను."

"ఎనిమిదా? సరిగ్గా ఎనిమిదేనా?"

"సరిగ్గా ఎనిమిది. ఎందుకు?"

"ఏం లేదు. మీ మీటరు మంచిదని."

"టైము ఎంతయింది?"

"మూడున్నర కావస్తోంది."

"మా మరదలు వస్తుంది ఇప్పుడు. నేనే రమ్మన్నాను. మందుల షాపులో పనిచేస్తుంది, గంట పర్మిషన్ పెట్టుకుని వస్తానంది."

"ఇక్కడికా? ఎందుకు?"

"మీ నోట మీరు చెబితే వింటుందని. నా మాట నమ్మలేదని కాదు. మూడో పక్షం సాక్ష్యం ఉండాలని."

"సాక్ష్యం, ఆధారం, కాగితం. మాస్టారూ, మీరు పొరపాటున బడిలో పడ్డారు, కోర్టులో ఉండాల్సింది. ఇప్పుడు ఆ తల్లికి ఏం చెప్పమంటారు?"

"పాతబడిందని చెప్పండి."

"అది కారణం కాదు, తేదీ అన్నారు."

"అన్నాను."

"కాగితం?"

"వద్దు. మేస్త్రీ, మీరేం మాట్లాడకండి. నేనే ఏదో ఒకటి... ఆ పుస్తకం ఇటివ్వండి. సంచిలో పెడతాను. తను చూడకూడదు."

"అదిగో వచ్చింది. రామ్మా. గడప ఎత్తు, చూసుకో."

"తెలుసు మేస్త్రిగారూ."

"అంటే... చూసుకున్నాననమ్మా నీ ఉద్దేశం."

"ఆలస్యమైందా బావగారూ? సరుకు దిగింది, లెక్క చూసి వచ్చేసరికి ఇదీ వేళ. ఏమిటి, మీరు కూర్చుని ఉన్నారు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా."

"మొహం చూస్తే అలా లేదు. నీళ్ళు తాగారా? మందు వేసుకున్నారా మధ్యాహ్నం?"

"వేసుకున్నాను."

"సరే, చెప్పండి. పరీక్ష అయిందా? ఆయనే పాడు చేశారని తేలిందా? తేలితే మీ మనసు కుదుట పడుతుందని పని మానుకుని వచ్చాను. నేను సంతకం కూడా పెట్టాలా?"

"పాతబడింది... షాఫ్టు."

"అంతేనా?"

"అంతే."

"అది చెప్పడానికా నన్ను రెండు బస్సులు మార్పించారు?"

"అవును. కాదు. అమ్మా, నువ్వు కూర్చో."

"కూర్చోడానికి టైము లేదు బావగారూ, నాలుగున్నరకి షాపులో ఉండాలి."

"అయితే నేను లేస్తాను. ఈ మాట కూర్చుని చెప్పేది కాదు."

"ఏమిటండీ ఇది? మేస్త్రిగారూ, ఏమైంది ఈయనకి?"

"నన్నడక్కమ్మా. నన్ను మాట్లాడొద్దన్నారు."

"తొమ్మిదేళ్ళ కిందట, ఒక ఆదివారం, నేను ఈ షాఫ్టును విడదీశాను. శుభ్రం చేద్దామని. తిరిగి పెట్టేటప్పుడు తప్పు పెట్టాను. చూసుకోలేదు. వణుకు అక్కడి నుంచి వచ్చింది. వాడు నడపడం వల్ల కాదు. నా వల్ల. వాడు పాడు చెయ్యలేదు. నేను అప్పటి నుంచి వాణ్ణి అనని మాట లేదు. నీ ముందే అన్నాను. పోయిన పదో రోజున కూడా నీతో అన్నాను, 'అన్నిటా మంచివాడే, ఒక్క బండి విషయంలో తప్ప' అని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరికి చెప్పి తీసుకోవాలో తెలియక నీకు చెబుతున్నాను."

"మేస్త్రిగారూ."

"అమ్మా."

"చెప్పేశారా?"

"నేను చెప్పలేదమ్మా. ఒట్టు. ఆయనే మెట్టు మెట్టుగా కట్టుకుంటూ పోయారు."

"చెప్పనని ఆయనకి మాటిచ్చారు."

"ఇచ్చాను. నిలబెట్టుకున్నాను. టీ చెప్పాను, బిస్కెట్లు చెప్పాను, చెవుడు కూడా తెచ్చుకున్నాను. మాట నేనిచ్చాను గానీ, మాస్టారి పుస్తకం మాటివ్వలేదు కదమ్మా."

"ఎవరికి మాటిచ్చారు? ఏం మాట? మీరిద్దరూ ఏం మాట్లాడుతున్నారు?"

"మీరు కూర్చోండి బావగారూ."

"మీకు వాడు తెలుసు. తెలుసు కదా మేస్త్రీ? ఇందాక మొక్కలన్నారు."

"తెలుసు. ఒక్కసారే వచ్చాడు. పోయేటప్పుడు ఆ మూల డబ్బాలో ఒక మొక్క నాటిపోయాడు. మళ్ళీ రాలేదు గానీ, ఎవరైనా ఇటు వస్తుంటే మొక్క ఎలా ఉందని అడిగించేవాడు."

"ఎప్పుడు వచ్చాడు?"

"తాళం మీరు తీసుకెళ్ళిన రెండో నెల బావగారూ. అన్నయ్య చెప్పింది నిజమేనేమో, నా వల్లే పాడయిందేమో, చూపించి బాగుచేయిద్దాం పద అన్నారు. స్టార్టు చెయ్యడానికి తాళం లేదు. ఇద్దరం తోసుకుంటూ వచ్చాం. ఆయన ముందు, నేను వెనక."

"ఇక్కడి దాకా?"

"నాలుగు కిలోమీటర్లు."

"నాలుగు."

"మళ్ళీ వెళ్ళేటప్పుడు నాలుగు."

"ఎనిమిది."

"మీరు దొంగతాళం అని అడిగిన రోజు నేను చెప్పేద్దామని వంటింట్లోంచి వచ్చాను కూడా. కళ్ళతోనే ఆపేశారు."

"నేనూ చెప్పాను మాస్టారూ ఆయనకి. చూడగానే తెలిసింది. 'దీన్ని ఎవరో విడదీసి వంకరగా పెట్టారు, నువ్వు కాదు' అన్నా. ఐదు నిమిషాల పని. లాగి, తిప్పి, పెట్టడమే. చెయ్యి కూడా పెట్టాను. పట్టుకుని ఆపాడు."

"ఆపాడా?"

"ఆపాడు. 'ఉన్నదున్నట్టు బిగించెయ్యండి, మా అన్నయ్యకి మాత్రం చెప్పకండి' అన్నాడు. ఎందుకయ్యా అంటే నవ్వాడు."

"నవ్వాడు. నవ్వే ఉంటాడు. నా తప్పు బయటపెట్టడం ఇష్టం లేక. నేను తలెత్తుకోలేనని. అంతేనా అమ్మా?"

"నేనూ మొదట అలాగే అనుకున్నాను."

"జాలిపడ్డాడు నా మీద."

"మీ మీదా? ఆయనా? మీరు రాకముందే మీలా గొంతు మార్చి, 'గాలి సరి, ఆయిలు సరి' అని పిల్లని నవ్వించే మనిషి."

"మరి ఎందుకు? తొమ్మిదేళ్ళు ఎవరైనా ఎందుకు పడతారు? నూట ఆరు సార్లు? ఒక్కసారి చెబితే అయిపోయేది. ఐదు నిమిషాలు. నేను ఇక ఆ మాటే ఎత్తేవాణ్ణి కాదు. వాడి ఇంటికి వెళ్ళి వాణ్ణి అలా..."

"అదే బావగారూ."

"ఏది అదే?"

"తిరిగి తోసుకెళ్తుంటే నాకూ ఒళ్ళు మండింది. ఎండ. చెప్పులు తెగాయి. ఎదురుగా బాగుచేసేవాడుంటే వద్దని, పాడైన బండిని పాడుగానే వెనక్కి తోసుకెళ్ళడమేమిటి, మీకేమైనా మతిపోయిందా అని నడిరోడ్డు మీద నిలేశాను. స్టాండు వేసి, చెమట తుడుచుకుని, 'మన పెళ్ళయ్యాక, ఈ బండి పాడయ్యేదాకా, అన్నయ్య మనింటికి ఎన్నిసార్లు వచ్చాడో చెప్పు' అన్నారు. 'రెండుసార్లు' అన్నాను. 'ఈ రెండు నెలల్లో?' అన్నారు. 'అవీ రెండే, తిట్టడానికి' అన్నాను. 'ఇది బాగైపోతే వచ్చే నెల ఏ పని మీద వస్తాడే?' అన్నారు."